చెవి మిషన్ తీసేస్తున్న పాప, పుస్తకం ముక్కుకి ఆనించే బాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు వినికిడి లేని పిల్లల గురించి, చూపు తక్కువైన పిల్లల గురించి ఉన్నాయి. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల బళ్ళలో ఇలాంటి పిల్లలకే పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, ఎడిటర్ గారు కట్టంతా నాకే పంపించారు. రాసినవాళ్ళ కోరిక మీద పేర్లు తీసేశాం. ఉత్తరాలు కూడా కుదించాం.

ప్రశ్న: టీచర్ గారూ, మా బాబుకి మూడేళ్ళు నిండబోతున్నాయి. "అమ్మ", "తాత" తప్ప ఇంకో మాట రాలేదు. తలుపు గట్టిగా వేస్తే తిరిగి చూస్తాడు. పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు, ఒక్కోసారి లేదు. "వీళ్ళ నాన్న కూడా నాలుగేళ్ళకి గానీ మాట్లాడలేదు, టెన్షన్ పడకు" అంటున్నారు మా అత్తగారు. ఇంకొన్నాళ్ళు చూడమంటారా? – ఒక తల్లి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

వద్దమ్మా, ఈ వారంలోనే పరీక్ష చేయించండి. మీ వారికి మాటలు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే కావచ్చు. ఆయన చెవులు బాగానే ఉండి ఉంటాయి. బాబు చెవులు ఎలా ఉన్నాయో చూడకుండా ఆయనతో పోలికేమిటి?

తలుపు చప్పుడుకి తిరిగాడని ధైర్యపడకండి. తలుపు ధనాల్న పడితే నేల అదురుతుంది, గాలి తగులుతుంది. అదీ కాక, కొంతమంది పిల్లలకి డప్పు, లారీ ఇంజను లాంటి బొంగురు శబ్దాలు బాగానే వినపడతాయి. స, ష, చ లాంటి సన్నని శబ్దాలు మాత్రం అందవు. అలాంటి పిల్లాడు పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు, ఒక్కోసారి పలకడు. ఇంట్లోవాళ్ళేమో "వీడికి కావాలంటే వినపడుతుంది, మొండి" అంటారు. వెనక నిలబడి పళ్ళెం మోగించి చూసే పరీక్ష మా అమ్మ కాలం నుంచీ ఉంది. దాన్ని నమ్మొద్దు.

చేయించాల్సినవి రెండు. ఓఏఈ అని, చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి కొద్ది నిమిషాల్లో చూసేది ఒకటి. బెరా అని, బాబు నిద్రపోతుండగా తల మీద వైర్లు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతోందా లేదా చూసేది రెండోది. బెరాకి వెళ్ళే రోజు బాబుని దారిలో నిద్రపోనివ్వకండి. ఆటోలో గంట కునుకు తీశాడంటే అక్కడికెళ్ళాక కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటాడు, మళ్ళీ ఇంకో రోజు తిరగాలి. విజయవాడలో గానీ గుంటూరులో గానీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో అడగండి. పిల్లల ఆరోగ్యం చూడటానికి అంగన్‌వాడీకి వచ్చే ప్రభుత్వ (ఆర్‌బీఎస్‌కే) డాక్టరు చేత చీటీ రాయించుకుంటే పని తేలికవుతుంది. ఒక్కోసారి గుబిలో, చెవి లోపల చేరిన నీరో కారణమని తేలి, మందులతోనో చిన్న చికిత్సతోనో సరిపోతుంది. చెవులు బాగున్నాయని తేలితే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళండి, మాట ఎక్కడ ఆగిందో వాళ్ళు చూస్తారు.

తొందర ఎందుకంటున్నానో చెప్తాను. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకల్లా మిషనో థెరపీనో మొదలవ్వాలని ఈ రంగంలో అందరూ పాటించాలనుకునే లెక్క. మీ బాబు ఆ గడువు దాటేశాడు. దాటినదానికి ఇప్పుడు ఏడ్చి లాభం లేదు. కానీ వినికిడి బాగా తక్కువని తేలితే కాక్లియర్ ఇంప్లాంట్ మాట వస్తుంది, అంటే శబ్దాన్ని నేరుగా చెవి నరానికి అందించే పరికరాన్ని ఆపరేషన్ చేసి అమర్చడం. పుట్టుకతో వినపడని పిల్లలకి, వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం ఏడీఐపీ పథకంలో ఆ ఆపరేషన్‌కి ఐదేళ్ళ లోపు అనే హద్దు ఉంది. అసలు కారణం హద్దు కాదు. శబ్దమే తెలియకుండా పెరిగిన మెదడుకి ఆ తర్వాత మాట నేర్పడం కష్టం. పైగా ఆపరేషన్ అయిన మర్నాటి నుంచీ మాటలు వచ్చేయవు. ఏళ్ళ తరబడి థెరపీ చేయించాలి. అందుకే ఇప్పుడే పరుగెత్తమంటున్నాను.

పరీక్ష అయ్యేదాకా బాబుతో మాట్లాడటం మానకండి. వాడి ఎత్తుకి వంగి, మొహం మీద వెలుతురు పడేలా కూర్చుని, ఇడ్లీ పెడుతూ ఇడ్లీ గురించి, చొక్కా తొడుగుతూ చొక్కా గురించి చెప్పండి.

ప్రశ్న: మాది గుంటూరు. నేను మిర్చి యార్డులో గుమాస్తాని. మా పాప ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. చిన్నప్పుడే చెవి మిషన్ పెట్టించాం, మాటలు బాగానే వచ్చాయి. ఐదో తరగతి దాకా మంచి మార్కులే. ఈ ఏడు అన్నింట్లో పడిపోయింది. బడికి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటుంది, అక్కడ తీసి బ్యాగులో వేసేస్తోందట. అడిగితే ఏడుపు. "మా వల్ల కాదండీ, స్పెషల్ స్కూల్లో వేసుకోండి" అని బడివాళ్ళు ఒకటే పోరు. బాపట్లలో ఉన్న స్పెషల్ స్కూలుకి పంపించాలా? – ఒక తండ్రి, గుంటూరు

నాన్నగారూ, బాపట్ల సంగతి చివర మాట్లాడుకుందాం. ముందు ఆ మిషన్‌ని మీ చెవికి పెట్టుకుని చూశారా ఎప్పుడైనా? వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుల దగ్గర స్టెతస్కోపు లాంటి గొట్టం ఉంటుంది, దాంతో మిషన్‌లోంచి ఏం వస్తోందో మనమూ వినొచ్చు. ఒకసారి అడిగి వినండి. పిల్ల ఎందుకు తీసేస్తోందో సగం అక్కడే అర్థమవుతుంది.

మొదట మౌల్డు. చెవిలో కూర్చునే ఆ మెత్తటి ముక్క పాప చెవి కొలతకి చేసినది. పాప పెరిగింది, చెవీ పెరిగింది. మౌల్డు వదులైతే మిషన్‌లోంచి వచ్చిన శబ్దం పక్కలనుంచి బయటికి కారి, మళ్ళీ మైకులోకి దూరి, కుయ్యిమని కూత పెడుతుంది. ఆ కూత క్లాసంతా వింటుంది. పదకొండేళ్ళ ఆడపిల్లకి అంతకన్నా అవమానం ఏముంటుంది చెప్పండి! పోయినసారి మౌల్డు ఎప్పుడు మార్పించారో మీకు గుర్తు లేకపోతే, మార్చాల్సిన సమయం వచ్చిందనే లెక్క. మిషన్ ఖరీదుతో పోలిస్తే మౌల్డుకి అయ్యేది చాలా తక్కువ.

తర్వాత బ్యాటరీ. బిళ్ళ బ్యాటరీ అయితే స్టిక్కర్ పీకిన వెంటనే బిగించకండి. అది గాలి తగిలితేనే పనిచేసే రకం, ఒక నిమిషం ఆగి పెట్టాలి. మన గుంటూరు ఎండల్లో చెమట మిషన్‌లోకి దిగుతుంది. రాత్రి తీశాక, తేమని పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి మూత వేయండి.

ఇక రోజూ చేయాల్సిన పని ఒకటుంది, పాప వాళ్ళమ్మని చేయమనండి. జడ వేసేటప్పుడు వెనక నుంచి, మామూలు గొంతుతో, వరస మార్చి మార్చి, ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనాలి. పాప విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. లింగ్ ఆరు శబ్దాల పరీక్ష అంటారు దీన్ని. మనం మాట్లాడే మాటల్లో బొంగురు నుంచి సన్నం దాకా ఉండే శబ్దాలన్నింటికీ ఈ ఆరూ ప్రతినిధులు. నిన్నటిదాకా చెప్పిన "స్" ఇవాళ చెప్పలేకపోయిందంటే మిషన్‌కో చెవికో ఏదో అయిందని అర్థం. జడ పూర్తయ్యేలోపే పరీక్ష అయిపోతుంది.

ఇప్పుడు బడి. ఐదో తరగతి దాకా బాగా చదివి ఆరులో పడిపోవడం నేను చాలామంది పిల్లల్లో చూశాను. మీ పాపకి తెలివి తగ్గలేదు. నిన్నటిదాకా రోజంతా ఒకరిద్దరు టీచర్లే. వాళ్ళ గొంతు, వాళ్ళ పెదాలు పాపకి అలవాటు. ఇప్పుడు గంటకో టీచరు వస్తారు. ఒకాయన మీసాల్లోంచి మాట్లాడతాడు, ఒకావిడ బోర్డు వైపు తిరిగి చెప్తుంది, ఒకరు క్లాసంతా తిరుగుతూ చెప్తారు. పెదాలు చూసి అర్థం చేసుకుంటుందిలే అనుకుంటారు చాలామంది. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒకేలా ఉంటాయి. ఏది అన్నారో పాప ఊహించుకోవాలి, ఊహించుకునేలోపు పాఠం ముందుకి పోతుంది. పైగా సైన్సులో, సోషల్‌లో కొత్త మాటలు వస్తాయి. ఇంతకు ముందు వినని మాటని ఊహించడం ఎవరివల్లా కాదు.

దూరం సంగతి కూడా ఉంది. మాట్లాడే మనిషి నుంచి దూరం రెట్టింపు అయినప్పుడల్లా గొంతు 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ఫ్యాన్ల మోత మాత్రం తగ్గదు. మిషన్ రెండింటినీ కలిపి పెంచుతుంది. అందుకే బడిలో పాపకి మిషన్ పెట్టుకుంటే గోల, తీస్తే ప్రశాంతం. తీసేయడం మొండితనం కాదండీ, అలసట.

బడికి వెళ్ళి పోట్లాడకండి, వీటిని మాత్రం గట్టిగా అడగండి. పాపని రెండో బెంచీలో, ఫ్యానుకీ రోడ్డు వైపు కిటికీకీ దూరంగా కూర్చోబెట్టాలి. మొదటి బెంచీ అయితే టీచరు మొహం చూడటానికి మెడ పైకెత్తాలి, వెనక ఎవరు జవాబు చెప్తున్నారో కనిపించదు. టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుతురుకి మొహం నల్లగా కనిపిస్తుంది, కాబట్టి పక్కకి జరగమనండి. రేపటి పాఠంలో వచ్చే కొత్త మాటలు పదో పన్నెండో ఇవాళే రాసి ఇంటికి పంపమనండి. ఇది అన్నింటికన్నా బాగా పనిచేస్తుంది, ఖర్చు కాగితం ముక్కే. స్తోమత ఉంటే టీచరు చొక్కాకో చున్నీకో తగిలించుకునే చిన్న మైకు ఉంటుంది. ఆయన గొంతు నేరుగా పాప మిషన్‌లోకి వస్తుంది, దూరం బెడద పోతుంది. మీ మిషన్‌కి సరిపడేది ఉందో లేదో ఆడియాలజిస్టుని అడిగాకే కొనండి.

"మా వల్ల కాదు" అనే హక్కు గుర్తింపు ఉన్న ఏ బడికీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వివక్ష లేకుండా చేర్చుకోవాలి, కావలసిన సౌకర్యాలు చేయాలి. రెండో భాష, మూడో భాష మినహాయింపు కూడా ఆ చట్టంలో ఉంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ నెత్తినేసుకుని పాప కుంగిపోతుంటే హిందీ గురించి అడగండి. దీనికి లోపం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి. సదరం అనగానే మనవాళ్ళకి పింఛనే గుర్తొస్తుంది. చదువుకి కూడా అదే తాళం. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి.

ఇక బాపట్ల. అక్కడ వినికిడి లేని పిల్లలకి ప్రభుత్వ రెసిడెన్షియల్ బడి ఉంది. చట్టం కూడా 40 శాతం, ఆపైన లోపం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. ఎంపిక మీది, బడివాళ్ళది కాదు. నా మాట అడిగితే, మీ పాపకి మాటలున్నాయి, ఐదేళ్ళుగా కలిసి చదివిన స్నేహితులున్నారు, చదివిన అలవాటుంది. మౌల్డు మార్చి, బెంచీ మార్చి, ఒక టర్ము చూడండి. అప్పటికీ రోజంతా మూగగా కూర్చుని వస్తుంటే పాపని కూడా తీసుకెళ్ళి ఆ బడి చూపించండి. అక్కడ అందరూ చేతులతో గలగలా కబుర్లు చెప్పుకుంటుంటే చూసి "ఇక్కడే ఉంటా" అని పట్టుబట్టిన పిల్లలూ నాకు తెలుసు. అది పరువు తక్కువ పని అని మాత్రం అనుకోకండి. అయితే పంపేది పాప మేలు కోసమై ఉండాలి. ఒక హెడ్మాస్టరు చేతులెత్తేశాడని పంపకండి.

ప్రశ్న: మా మనవరాలికి సైగల భాష నేర్పిస్తే ఇక నోటి మాట రాదంటున్నారు. నిజమేనా? – ఒక నాయనమ్మ, తెనాలి

నిజం కాదమ్మా. పిల్లకి ముందు ఏదో ఒక భాష పూర్తిగా రావాలి. ఆకలని, భయమని, అన్నయ్య కొట్టాడని చెప్పుకోగలగాలి. చేతులతో చెప్పడం వస్తే నోటితో చెప్పాలనే ఆశ చచ్చిపోదు. భారతీయ సంకేత భాషకి 10,000 మాటల నిఘంటువు వీడియోలుగా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, ఢిల్లీలో ఈ భాష మీద పరిశోధన, శిక్షణ చేసే ప్రభుత్వ సంస్థ ఐఎస్ఎల్ఆర్‌టీసీ తయారు చేసింది. 2024 డిసెంబరులో, టీవీలో పాఠాలు చెప్పే పీఎం ఈ-విద్య 31వ ఛానెల్ కూడా ఈ భాష కోసమే పెట్టారు. మనవరాలితో పాటు మీరూ నేర్చుకోండి. ఇంట్లో ఎవరికీ రాకపోతే ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది?

ప్రశ్న: నేను మంగళగిరి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఏడో తరగతిలో ఒక బాబు ఒళ్ళు, జుట్టు తెల్లగా పుట్టాడు, ఎండ చూడలేడు. పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతాడు. దూరంగా పెట్టమని అందరం చెప్తున్నాం. బోర్డు అసలు కనపడదు. బ్రెయిలీ నేర్పించాలా? – ఒక ఉపాధ్యాయుడు

మాస్టారూ, ముందు పుస్తకం దూరంగా పెట్టమనడం ఆపించండి. దగ్గరగా చూస్తే కళ్ళు పాడవవు. దూరం సగమైతే అక్షరం రెట్టింపు పెద్దగా కనిపిస్తుంది. భూతద్దం చేసే పనిని ఆ బాబు ఎవరూ చెప్పకుండానే చేసుకుంటున్నాడు. బల్ల మీద ఏటవాలుగా పుస్తకం నిలబెట్టే స్టాండు ఇప్పిస్తే మెడనొప్పి తప్పుతుంది.

కిటికీకి ఎదురుగా కూర్చోనివ్వకండి. క్లాసులో కూడా టోపీ పెట్టుకోనివ్వండి, రంగు అద్దాలు రాసిచ్చి ఉంటే అవీ. తెల్లబోర్డు మీద మెరుపు వాడికి శత్రువు. నల్లబోర్డు మీద లావుగా, పెద్దగా రాయండి, రాసేది నోటితో చదువుతూ రాయండి. "దీన్నుంచి దీన్ని తీసేస్తే ఇది" అంటే వాడికేం తెలుస్తుంది? "పన్నెండు ఎక్స్‌లోంచి ఐదు ఎక్స్ తీసేస్తే" అనండి. మిగతా క్లాసుకి కూడా మేలే. ఫోన్ అనుమతిస్తే బోర్డు ఫొటో తీసుకుని పెద్దది చేసుకుని చూస్తాడు. నోట్సుకి నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు లావుగా గీసివ్వండి. నల్ల చార్టు ముక్కలో ఒక్క వరస కనిపించేంత సందు కత్తిరించి ఇవ్వండి. పేజీ మీద పెట్టి జరుపుకుంటూ చదివితే వరసలు కలిసిపోవు, తెల్ల కాగితం మెరుపూ తగ్గుతుంది.

విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. లో విజన్ (తక్కువ చూపు) పరీక్ష కావాలని అక్కడ ప్రత్యేకంగా అడగమనండి. మామూలు కళ్ళజోడు పరీక్ష వేరు, ఇది వేరు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలోని రిసోర్స్ టీచరుకి కూడా చెప్పండి. బడి పిల్లలకి పరికరాల కొలతల శిబిరాలు పెట్టినప్పుడు వాళ్ళే పేరు రాయిస్తారు.

బ్రెయిలీ విషయం. చర్మంలో రంగు లేకుండా పుట్టిన పిల్లల చూపు సాధారణంగా ఉన్నచోటే ఉంటుంది, ఏటేటా తగ్గిపోదు. అచ్చు పుస్తకం చదవగలుగుతున్న బాబుకి బ్రెయిలీ అవసరం లేదు. అదే రేచీకటితో మొదలై చూపు క్రమంగా కుంచించుకుపోయే జబ్బయితే, డాక్టరు ఆ మాట చెప్పిన రోజే మొదలుపెట్టమంటాను. చూపు ఉండగా నేర్చుకోవడం తేలిక. తెలుగు బ్రెయిలీకి భయపడేవాళ్ళకి ఒక మాట చెప్తాను. అందులో ఒక్కో అక్షరం ఆరు చుక్కల గడిలో ఉంటుంది, కింద వేలాడే ఒత్తులు లేవు. గుణింతం గుర్తు హల్లు తర్వాత వేరే గడిలో వస్తుంది. "క"కి 1, 3 చుక్కలు, ఇంగ్లీషు "కె"కీ అవే. దేశభాషలన్నింటికీ ఒకే పద్ధతి పెట్టారు కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి. నాకు పుట్టుకతో చూపు లేదు. లెక్కలంటే ప్రాణం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే నాన్న సీఈసీ అంటున్నారు. పరీక్షకి ఎవరు రాసిపెడతారో కూడా తెలియడం లేదు. – ఒక విద్యార్థిని, పటమట, విజయవాడ

ఎంపీసీనే తీసుకో తల్లీ. బందరు దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గురించి మీ నాన్నగారికి చెప్పు. చూపు లేని పిల్లలకి ఇంటర్‌లో సైన్సు ఇవ్వని రోజుల్లో కోర్టుకి వెళ్ళి సీటు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. నువ్వు కోర్టుకి వెళ్ళనక్కర్లేదు, ఆ దారి ఆయన వేసి వెళ్ళాడు.

కానీ ప్రాణం అంటే చాలదు, పనిముట్లు కావాలి. వేసవి సెలవుల్లో నెమెత్ కోడ్ నేర్చుకో, లెక్కల గుర్తులకి బ్రెయిలీ అది. కంప్యూటర్ తెర మీది రాతని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, ఇప్పటినుంచే వేళ్ళకి అలవాటు చెయ్యి. రబ్బరు షీటు మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం పరిచి బాల్ పెన్నుతో గీస్తే గీత ఉబ్బుతుంది, చేత్తో తడిమి చూసుకోవచ్చు. గ్రాఫులూ త్రిభుజాలూ అలాగే గీసివ్వమని లెక్చరర్‌ని అడుగు. అచ్చు చదవలేనివాళ్ళ ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఆడియోగా, బ్రెయిలీకి పనికొచ్చే ఫైళ్ళుగా దొరుకుతాయి. కాలేజీలో చేరకముందే ప్రిన్సిపాల్‌ని కలిసి ప్రాక్టికల్స్ ఎలా పెడతారో అడుగు. చేరాక అడిగితే చూద్దాంలే అంటారు.

పరీక్షకి రాసేవాళ్ళ సంగతి మీ హెడ్మాస్టర్ గారు చూడాలి. పరీక్ష రాసేవాళ్ళ జాబితా (నామినల్ రోల్స్) పంపేటప్పుడే నీ సదరం సర్టిఫికెట్ జతచేసి, రాసేవాళ్ళూ అదనపు సమయమూ కావాలని పెట్టమను. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని ఉంది. సొంతంగా తెచ్చుకునే మనిషి నీకన్నా ఒక మెట్టు కింద చదువుతున్నవాళ్ళు కావాలనీ ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది, ఇప్పుడు ఎలా ఉందో హెడ్మాస్టర్ గారిని అడుగు. మీ బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయిల్లో చేతిరాత బాగుండి, చెప్పింది చెప్పినట్టు రాసే పిల్లని చూసుకో. తెలివి ఎక్కువైన పిల్ల సొంతంగా దిద్దబోతుంది, జాగ్రత్త. ఇద్దరూ కూర్చుని పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయండి. లెక్కలో బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎలా చెప్పాలో ముందే అనుకోండి. పరీక్ష రోజు ఆ అమ్మాయికి జ్వరమొస్తే బదులు ఎవరన్నది కూడా ఇప్పుడే తేల్చుకుని, రెండో పేరు హెడ్మాస్టర్ గారికి ఇచ్చి ఉంచు.